నక్షత్రం లేని పట్టిక

నూట అరవై ఎనిమిది జవాబు పత్రాల్లో ఒక్కదానికీ కుడివైపు పైమూల లేదు.

ఒడెట్ పెల్టియే కట్ట విప్పి మళ్ళీ మొదటినుంచీ తిరగేసింది. ఎవరో చాలా ఓపికగా, కొన్ని కాగితాల చొప్పున కట్టరు కింద పెట్టి, అన్నిటినీ ఒకే కొలతకి కోసేశారు. సరిగ్గా ఆ మూలలోనే ఆమె ఒక్కో పిల్లకీ పిల్లవాడికీ ఒక్కో అంకె వేసి పంపింది. దుంపల సెలవుకి ముందు రాసిన లెక్కల పరీక్షా, సెలవయ్యాక రాసిన పరీక్షా ఒకే పిల్లవాడివని చెప్పడానికి ఉన్న ఆధారం ఆ అంకె ఒక్కటే. ఇప్పుడు బల్ల మీద రెండు దొంతరలున్నాయి, ముందువీ తర్వాతవీ. ఏ కాగితానికి ఏది జతో దేవుడికే తెలియాలి.

హైస్కూలు ఆఫీసుకి ఫోన్ చేస్తే అక్కడి గుమాస్తా గ్లెనిస్, మెచ్చుకుంటారని ఎదురుచూస్తున్నట్టు మాట్లాడింది. పిల్లల గుర్తులేవీ కాలేజీవాళ్ళ కంటపడకూడదని అనుమతి పత్రంలో రాసి ఉందట. అంకె కూడా గుర్తే కదా అని తనే కూర్చుని కోసిందట. ఆ ముక్కలేవి అనడిగితే, ఆ పూటే బాయిలర్లో వేసేశానంది. మా ఊళ్ళో ఎవరికైనా ఒక నియమం అప్పజెబితే దాన్ని పాటించడం ఇలాగే ఉంటుంది. ఒడెట్‌కి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది.

మిగిలిందల్లా కాగితం అడుగున ఉన్న టిక్కు. కోతకి వెళ్ళేవాళ్ళు ఒక గడిలో, వెళ్ళనివాళ్ళు పక్క గడిలో పెట్టిన గుర్తు. మా ఫోర్ట్ లిండ్సేలో సెప్టెంబరు నడిమి దాటాక మూడు వారాలు హైస్కూలు మూసేస్తారు, పిల్లలు బంగాళాదుంపల కోతకి వెళ్ళడానికి. ఆ సెలవు ఉంచాలా ఎత్తేయాలా అని ఈసారి స్కూలు బోర్డు ఓటు వేయబోతోంది. కోతకి వెళ్ళిన పిల్లలు లెక్కల్లో వెనకబడుతున్నారా అన్నది ఒడెట్ డిగ్రీ ఆఖరి ఏడాది పరిశోధన. మంచి సమయం చూసుకునే ఇరుక్కుంది పిల్ల.

అంకెలు పోయాయి కాబట్టి మొదట అనుకున్న పద్ధతి పనికిరాదు. మార్కులు ఒక్కటి కూడా చూడకముందే ఆమె పద్ధతి మార్చి రాసింది. జతలు తెలియవు గనక, సెలవయ్యాక రాసిన పరీక్షలో రెండు గుంపుల సగటుల్నీ విడివిడి గుంపులుగానే పోల్చి చూస్తాననీ, ఎందుకు మార్చవలసి వచ్చిందో కూడా నివేదికలో చెబుతాననీ రాసి ప్రొఫెసర్ వెండెల్ హాస్కిన్స్‌కి పంపింది. ఆయన సరేనన్నాడు. అప్పుడు కూర్చుని మార్కులు ఎక్కించింది, ఒక్కో అంకెనీ రెండుసార్లు చదువుకుంటూ, దొంతర మీద స్కేలు జరుపుకుంటూ.

శుక్రవారం పొద్దున ఆ పట్టిక పట్టుకుని ఆయన గదికి వెళ్ళింది. హాస్కిన్స్ మా కౌంటీకి వచ్చి ముప్ఫయ్యేళ్ళయింది. ఇక్కడి పిల్లనే పెళ్ళి చేసుకున్నాడు, చర్చి కమిటీలో ఉన్నాడు, అయినా మావాళ్ళకి ఆయన ఇంకా బయటివాడే. మంచి మనిషి. దుంపల సెలవు తర్వాత బడికి తిరిగిరాని పిల్లల్ని కొందర్ని చూశాడు, అందుకే ఆ సెలవంటే ఆయనకి ఒళ్ళు మంట. మంచి కోరి తప్పు చేసేవాళ్ళతో వచ్చే చిక్కేమిటంటే, వాళ్ళకి సిగ్గు తొందరగా వేయదు.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని పట్టిక చూశాడు. కోతకి వెళ్ళినవాళ్ళ సగటు అరవై రెండుకి కాస్త తక్కువ. వెళ్ళనివాళ్ళది అరవై నాలుగుకి కాస్త తక్కువ. తేడా రెండు మార్కులు. పక్కన పి-విలువ సున్నా పాయింటు ముప్ఫయ్యెనిమిది. అసలు తేడాయే లేకపోయినా ఇంత తేడా వట్టి అదృష్టం కొద్దీ రావడం మామూలే అని దాని అర్థం. ఆ విలువ అయిదు శాతం గీతకి దిగువన పడితేనే దాని పక్కన చిన్న నక్షత్రం పెడతారు. ఒడెట్ పట్టికలో నక్షత్రాలు లేవు.

“ఇంత చప్పగా వచ్చిందేమిటి?” అన్నాడు హాస్కిన్స్.

“చప్పగానో కారంగానో, వచ్చింది అదేనండీ.”

“రెండుసార్లూ రాసింది ఆ పిల్లలే కదా. జతల పరీక్ష చేయాల్సింది పోయి ఈ విడి పరీక్ష ఎందుకు పట్టుకున్నావు?”

ఎవరి కాగితం ఎవరిదో తెలియదు కదా, మూలలు కోసేశారని మీకు రాశాను కదా అని గుర్తు చేసింది. ఆయన చెయ్యి ఊపేశాడు. క్లాసులో మొదటివాడు ఎప్పుడూ మొదటివాడే, ఆఖరివాడు ఎప్పుడూ ఆఖరివాడే, మూడు వారాల్లో ఆ వరస మారిపోదు అన్నాడు. కుర్చీ ఆమె వైపు జరిపి, కోతకి వెళ్ళినవాళ్ళ మార్కులు తెర మీదకి తెచ్చాడు. సెలవుకి ముందు మార్కుల్ని పెద్దవాటినుంచి చిన్నవాటికి పేర్చాడు. తర్వాతి మార్కుల్నీ అలాగే పేర్చాడు. పక్కపక్కన పడినవాటిని జతలనుకోమని కంప్యూటరుకి చెప్పాడు. ఒక్క మీట నొక్కేసరికి పి-విలువ వెయ్యిలో ఒక వంతుకన్నా కిందకి పడిపోయింది. ఆయనే నక్షత్రం పెట్టాడు.

ఒడెట్ తెర వైపు చూసింది. డెబ్భై ఒకటి పక్కన అరవై తొమ్మిది. అరవై ఎనిమిది పక్కన అరవై ఆరు. వరస వరసంతా ముచ్చటగా రెండేసి తగ్గుతూ ఉంది. నిజం పిల్లలు ఇలా ఉండరు. ఒకడు పది పెరుగుతాడు, ఒకడు పదిహేను పడిపోతాడు, ఒకతి పరీక్ష రోజున జ్వరంతో కూర్చుంటుంది. ఆ ఎగుడుదిగుళ్ళన్నీ ఆయన చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చేశాడు. ఎగుడుదిగుళ్ళు లేకపోతే రెండు మార్కులేమిటి, అర మార్కు కూడా కొండంత కనిపిస్తుంది.

“వెళ్ళని పిల్లలకి కూడా ఇలాగే చేసి చూడండి,” అంది.

“వాళ్ళ సంగతి మనకెందుకు?”

ఆమె చెయ్యి చాపి తనే చేసింది. రెండు వరసలూ పేర్చింది, మీట నొక్కింది. వెళ్ళనివాళ్ళకి కూడా మార్కులు తగ్గాయి. వాళ్ళకీ నక్షత్రం వచ్చింది.

“మూడు వారాలు ఇంట్లో సోఫా మీద పడుకున్నవాళ్ళని కూడా మా దుంపలే చెడగొట్టాయంటారా ప్రొఫెసర్ గారూ?”

హాస్కిన్స్ చెవులు ఎర్రబడ్డాయి. అది నివేదికలో పెట్టనక్కర్లేదన్నాడు. గురువారం బోర్డు ముందు ఫలితం చెబుతానని తను మాట ఇచ్చాడనీ, నివేదికలో మూడో పట్టికగా ఉన్న దీన్ని మంగళవారానికల్లా మార్చి తెస్తే సంతకం పెడతాననీ చెప్పాడు. ఆ సంతకం లేకపోతే డిసెంబరులో ఆమెకి డిగ్రీ రాదు. ఆ సంగతి ఆయన అనలేదు, ఇద్దరికీ తెలుసు. ఒడెట్ తన కాగితాలు తీసుకుని గుమ్మం దాకా వచ్చి ఆగింది.

“మూడో పట్టిక మీద ఉండేది నా పేరండీ,” అంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఇంట్లో ప్లోయ్ అట్లు తిని, తండ్రి రెజిస్ దుంపల కొట్టుకి బయల్దేరితే వెనకే వెళ్ళింది. సగం నేలలోకి తవ్వి కట్టిన కొట్టు అది. బయట మంచు పడుతున్నా లోపల దుంపలు గడ్డకట్టవు, మొలకెత్తవు. పక్క పొలం క్లోవిస్ అప్పటికే అక్కడున్నాడు. ఆదివారం పూట పని చేయకూడదని వాళ్ళావిడ గోల పెడుతుంది కాబట్టి, తన పొలంలో చేయడు, రెజిస్ కొట్టులో చేస్తాడు. కుళ్ళిన దుంపలు ఏరి పక్కన పడేస్తున్నాడు.

ఒడెట్ ఒకే కుప్పలోంచి రెండు బుట్టలకి ముప్ఫయ్యేసి దుంపలు ఎత్తింది. వేళ్ళు కత్తిరించిన ఉన్ని తొడుగులతో ఒక్కోదాన్నీ తూకం మీద పెట్టి, వెంట తెచ్చుకున్న కంప్యూటర్లో బరువు ఎక్కించింది. ఇదేం పూజ అని క్లోవిస్ అడిగితే చూస్తూ ఉండమంది. మొదట రెండు బుట్టల్నీ విడివిడిగా పోల్చింది. తేడా ఉన్నట్టు చెప్పలేమంది కంప్యూటరు.

“ఎందుకుంటుంది? రెండూ నా కుప్పవేగా,” అన్నాడు రెజిస్.

తర్వాత ఆమె ఒక బుట్ట దుంపల్ని నేల మీద పెద్దదాని పక్కన చిన్నదిగా వరస పెట్టించింది. రెండో బుట్ట వరస దానికి ఎదురుగా. తండ్రీ క్లోవిసూ మోకాళ్ళ మీద కూర్చుని, ఇది పెద్దది కాదు అది పెద్దది అని పోట్లాడుకుంటూ సర్దారు. ఎదురెదురుగా ఉన్నవాటిని జతలనుకుని లెక్క వేసింది. ఈసారి మొదటి బుట్ట దుంపలే బరువైనవని కంప్యూటరు ఒట్టు పెట్టి చెప్పింది, నక్షత్రంతో సహా.

రెజిస్ తెరలోకి వంగి చూశాడు, దుంపల్ని చూశాడు, మళ్ళీ తెర చూశాడు. హాస్కిన్స్ గదిలో జరిగిందీ, అసలు లెక్కలో తేడా కనబడనిదీ ఒడెట్ చెప్పింది. ముప్ఫయ్యేళ్ళ నుంచీ పాఠం చెబుతున్న మనిషి చేసింది ఇదా అని అడిగాడు. ఇదేనంది. అతనికి నవ్వు ఆగలేదు. టోపీ తీసి తొడ మీద కొట్టుకుంటూ నవ్వాడు.

“మా చిన్నప్పుడు చేత్తో ఏరేవాళ్ళం కదా. ఎవరి పీపా నిండితే వాడు తన అంకె టికెట్ దానికి తగిలించేవాడు. గాలికి టికెట్ ఊడిపోయిందనుకో, నిండుగా ఉన్న పీపా బలంగా ఉన్నోడిదని మేస్త్రీ పంచేవాడా? పంచితే తన్నేవాళ్ళం.”

“మరి ఏం చేసేవాళ్ళు?” అని అడిగింది ఒడెట్.

“ఏముంది, ఆ పీపా ఎవరి లెక్కలోకీ వచ్చేది కాదు. ఊరికే పోయేది.” నవ్వుతూనే లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. “సరే, గురువారం మీటింగులో ఈ మాట చెప్పెయ్. కోతకి వెళ్తే పిల్లలకి నష్టం లేదు, మా అమ్మాయి లెక్కలేసి తేల్చింది. నేను మిగతావాళ్ళకి కూడా చెబుతాను.”

“అలా తేలలేదు నాన్నా.”

“తేడా లేదన్నావుగా.”

“తేడా కనబడలేదన్నాను. లేదని అనలేదు.” రెండు మార్కుల తేడాకి ముందూ వెనకా ఎంత పరిధి ఉందో చెప్పింది. కోత పిల్లలు నిజానికి ఏడు మార్కుల దాకా వెనకబడి ఉండొచ్చు, లేదా రెండున్నర మార్కులు ముందే ఉండొచ్చు. తన దగ్గరున్న ఎనభై నలుగురు పిల్లలతో అంతకన్నా దగ్గరగా చెప్పలేనంది. “పొగమంచులో రోడ్డు మీద దుప్పి కనబడకపోతే దుప్పి లేదని బండి తోలేస్తావా?”

క్లోవిస్ కిందటేడాది సరిగ్గా అలాగే తోలి ట్రక్కు పాడుచేసుకున్నాడు కాబట్టి గొంతు సవరించుకుని అటు తిరిగిపోయాడు. రెజిస్ మాత్రం నవ్వడం మానేశాడు.

“ఏడు మార్కుల సంగతి ఎవరికి తెలుసు?”

“నాకు తెలుసు.”

“ఆయన అక్కడ అబద్ధాన్ని నక్షత్రం పెట్టి మరీ చెప్తాడు. నువ్వు మాత్రం నిజంలో ఉన్న బొక్కలన్నీ చూపిస్తావు. గెలిచేదెవరు? ఈ కొట్టు, ఈ పొలం, నీ చదువు, అన్నీ ఎక్కణ్ణించి వచ్చాయి? ఆ మూడు వారాలు పిల్లలు రాకపోతే దుంపల్లోంచి రాళ్ళేరేది ఎవరు? నువ్వెవరి పక్కనున్నావు ఒడెట్?”

ఆమెకి కోపం వచ్చింది. ఏడుపు వచ్చేలా ఉంటే ఇంకా కోపం వచ్చింది. “టికెట్ లేని పీపా ఎవరిదీ కాదన్నావు కదా ఇప్పుడే. మరి నీది మాత్రం ఎలా అవుతుంది?” అంది.

రెజిస్ నేల మీది దుంపల వరసల్ని బూటుతో కలిపేసి, కుప్పలోకి తోసి, బయటికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర తండ్రీ కూతుళ్ళిద్దరూ పదో క్లాసు చదివే సొలాంజ్‌తోనే మాట్లాడారు. ఉప్పు అందించమనడానికి కూడా దాన్నే అడిగారు.

సోమవారమంతా లైబ్రరీలో కూర్చుని ఒడెట్ ఫలితాల పేరా రాసింది. అయిదు వాక్యాల పేరా, అయినా రోజు పట్టింది. రెండు గుంపుల్లో ఎంతమంది, వాళ్ళ సగటులు ఎంత, ఆ సగటుల చుట్టూ మార్కులు ఎంత చెదిరి ఉన్నాయి, తేడా ఎంత, ఆ తేడా ఎక్కణ్ణించి ఎక్కడి దాకా ఉండొచ్చు, ఏ పరీక్షతో చూసింది, పి-విలువ ఎంత. ‘కేవలం రెండు మార్కులు’ అని రాసి ‘కేవలం’ కొట్టేసింది, అది నాన్న మాటలా ఉంది. ‘రెండు మార్కులు వెనకబడ్డారు’ అని రాసి అదీ కొట్టేసింది, అది హాస్కిన్స్ మాటలా ఉంది. చివరికి మాటలన్నీ అటూ ఇటూ మొగ్గకుండా నిలబడ్డాయి. లోపాల దగ్గర మూలల కథ రాసింది. అంకె ఎందుకు ఉంచాలో స్కూలు ఆఫీసుకి తను విడిగా చెప్పి ఉండాల్సిందని కూడా రాసింది. గ్లెనిస్ మీదకి మొత్తం తోసేయడం సులువే, కానీ ఆ నియమం రాసిన పత్రం మీదా తన పేరే ఉంది.

మంగళవారం హాస్కిన్స్ నేరుగా మూడో పట్టిక దగ్గరికి పేజీ తిప్పాడు. నక్షత్రం లేదు. ఆయన కలం మూత పెట్టేసి, కోపం లేకుండా, నిజంగా ఆమె బాగు కోరుతున్నట్టే మాట్లాడాడు. ఈ రంగంలో అందరూ ఏదో ఒకటి ఎంచుకుంటారట. లెక్కకి వంద దారులుంటాయట, అందులో నిజాన్ని బయటికి తెచ్చే దారి పట్టుకోవడమే నేర్పట. పిల్లలు నష్టపోతున్నారన్నది తనకి కళ్ళారా తెలిసిన నిజమట.

“తెలిసినప్పుడు మీరే చెప్పండి ప్రొఫెసర్ గారూ, మీ మాటగా,” అంది ఒడెట్. “నా లెక్క చేత చెప్పించకండి. మార్కులు చూడకముందు దారి ఎంచుకున్నాం, మీరూ సరేనన్నారు. అది ఎక్కడికి చేర్చిందో అక్కడే దిగుతాను.”

“డిసెంబరు పోతుంది.”

“మే నెల ఉంది కదండీ.”

“మేలో కూడా నేనే ఉంటాను.”

“అప్పుడు శాఖాధిపతిని ఇంకో పరీక్షకుణ్ణి వేయమంటాను. ఆ పేర్చిన జతలు కూడా పక్కనే పెట్టి చూపిస్తాను, దుంపలతో సహా.”

దుంపల మాట ఆయనకి అర్థం కాలేదు. కాగితాలు బల్ల మీద ఆమె వైపు తోశాడు. సంతకం గడి ఖాళీగానే ఉంది. ఒడెట్ మెట్లు దిగింది. డిసెంబరులో డిగ్రీ వస్తుందని, ఆ వేడుకకి వేసుకోవడానికి మేనత్తకి కొత్త గౌను కూడా కుట్టించారు ఇంట్లో. ఆ గౌను గుర్తొచ్చి మరీ బాధేసింది. అయినా వెనక్కి వెళ్ళలేదు.

గురువారం సాయంత్రం స్కూలు భోజనశాలలో మీటింగు. చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా పెద్దవాళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు. పొలాలవాళ్ళు ఒక పక్క, బూట్ల మట్టితో. ఆసుపత్రిలోనూ సరిహద్దు ఆఫీసులోనూ ఉద్యోగాలు చేసేవాళ్ళు రెండో పక్క. ఎవరూ చెప్పకుండానే మధ్యలో దారి వదిలేశారు. అధ్యక్షురాలు లోర్నా గిడ్డింగ్స్ పశువుల డాక్టరు. సెలవు తీసేయాలని ఆమెకి ఉందని ఊరంతటికీ తెలుసు. కాకపోతే సగం ఊరి ఆవులకి ఆమే డాక్టరు, కాబట్టి ఆ మాట తన నోటితో అనడం ఇష్టం లేదు. అందుకే అక్కడ హాస్కిన్స్ ఉన్నాడు.

ఆయన లేచి గోడ మీద పట్టిక వేశాడు. అది పేర్చిన జతల పట్టిక. కాలేజీ అధ్యయనంలో, కోతకి వెళ్ళిన పిల్లల మార్కులు గణాంకపరంగా స్పష్టంగా పడిపోయాయని తేలిందన్నాడు. నక్షత్రాన్ని ఎర్ర చుక్కతో చూపించాడు. ఒడెట్ పేరు చెప్పలేదు, మా విద్యార్థిని అన్నాడు. పొలాలవాళ్ళ బెంచీలు గొణిగాయి. అటువైపు వాళ్ళు తలలూపారు. ఇక చెప్పేదేముంది అన్నట్టు లోర్నా కాగితాలు సర్దుకుని, ఓటుకి ముందు ఊరివాళ్ళెవరైనా మాట్లాడతారా అని అడిగింది. మాట్లాడదలిచిన వాళ్ళకి మూడు నిమిషాలు ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ.

ఒడెట్ మైకు దగ్గరికి వెళ్ళింది. కాగితం ఏమీ పట్టుకోలేదు.

“ఆ విద్యార్థిని నేనే. ఒడెట్ పెల్టియే. ఆ గోడ మీదున్నది నా పట్టిక కాదు,” అంది.

ఎవరి కాగితం ఎవరిదో తెలియదనీ, పెద్ద మార్కు పక్కన పెద్ద మార్కు పెట్టి లేని జతలు కట్టారనీ, అలా కడితే ఇంట్లో కూర్చున్న పిల్లలకి కూడా నక్షత్రం వచ్చిందనీ చెప్పింది. గొంతు పెంచలేదు. తను ముందే ఎంచుకున్న పద్ధతిలో చూస్తే రెండు గుంపుల మధ్య తేడా ఉన్నట్టు తేలలేదంది. అంతే, పొలాలవాళ్ళ బెంచీలు లేచి నిలబడ్డాయి. క్లోవిస్ బల్ల గుద్దాడు. ఎవరో ఈల వేశారు. హాస్కిన్స్ గోడ వైపు తిరిగి పట్టిక ఆపేయడానికి మీట వెతుకుతున్నాడు. రెజిస్ మాత్రం చప్పట్లు కొట్టలేదు, కూతురి ముఖమే చూస్తున్నాడు. ఆమె ఇంకా మైకు వదల్లేదని అతను గమనించాడు.

“కూర్చోండి,” అంది ఒడెట్ తనవాళ్ళతో. “నా మూడు నిమిషాలు అవలేదు. కోత వల్ల నష్టం లేదని కూడా నా లెక్క చెప్పదు. మన పిల్లలు ఏడు మార్కులు వెనకబడి ఉండొచ్చు. ఏడంటే చిన్నదేం కాదు, అది తప్పడానికీ పాసవడానికీ మధ్య ఉన్న తేడా. రెండున్నర ముందు కూడా ఉండొచ్చు. ఏదో నాకు తెలియదు. ఈ గదిలో ఎవరికీ తెలియదు.”

ఈల వేసినవాడు కూర్చున్నాడు. ఆ గదిలో అంతవరకూ రెండు పక్షాలుండేవి. ఇప్పుడు రెండూ కలిసి ఆమెనే చూస్తున్నాయి, ఒకే రకమైన కోపంతో.

“అయితే నీ అధ్యయనం దేనికి పనికొచ్చినట్టు?” అని అడిగింది లోర్నా. వెటకారంగా కాదు, నిజంగానే అడిగింది.

“దాని వెనక మీరు దాక్కోవడానికి మాత్రం పనికిరాదండీ. సెలవు తీసేయాలనుంటే తీసేయండి, ఉంచాలనుంటే ఉంచండి. కారణం మీ నోటితో చెప్పండి. నా పేరుతో చెప్పకండి.”

లోర్నా ముఖం కందిపోయింది. ఏదో అనబోయి, ఎదురుగా ఉన్న కాగితం మీద ముందే రాసిపెట్టుకున్న తీర్మానం చూసుకుంది. ‘అధ్యయన ఫలితాలను అనుసరించి’ అని మొదలవుతుంది అది. ఆ కాగితం బోర్లించింది. బోర్డులో ఏడుగురున్నారు, ఏడుగురూ తమ తమ గోళ్ళు చూసుకుంటున్నారు. కారణం లేకుండా చెయ్యెత్తడం ఎవరికీ ఇష్టం లేదు. వాళ్ళలో ఒకాయన, ఒక ఏడాది ఆగుదామన్నాడు. వచ్చే కోతకి ముందూ తర్వాతా మళ్ళీ పరీక్ష పెట్టి, జతలు పోకుండా చూసుకుని అప్పుడు తేల్చుకుందామన్నాడు. అందరూ గబగబా ఒప్పుకున్నారు, తప్పించుకునే దారి దొరికినవాళ్ళలాగా.

“దానికి తల్లిదండ్రులు ఒప్పుకోవాలి,” అంది లోర్నా. “పిల్లల మార్కులు రెండుసార్లూ కలిపి చూడడానికి. ఎవరెవరు ఒప్పుకుంటారో చేతులెత్తండి.”

ఒక్క చెయ్యి లేవలేదు. పొలాలవాళ్ళకి ఆ ఏడు మార్కుల భయం పట్టుకుంది. అటువైపు వాళ్ళకి ఆ రెండున్నర భయం. ఇంతసేపూ నిజం కావాలని బెంచీలు విరగ్గొట్టినవాళ్ళందరూ కోట్లు వెతుక్కుంటున్నారు. ఒడెట్ మైకు దగ్గరే నిలబడి వాళ్ళని చూసింది. సంతకం పోయిందన్న బాధ కన్నా ఇదే ఎక్కువ మండింది. తలదించుకుని వెళ్ళిపోవాలనిపించింది, కానీ వెళ్ళలేదు. మొండిగా, ఒక్కొక్క ముఖాన్నీ చూస్తూ నిలబడింది.

వెనక బెంచీ కిర్రుమంది. రెజిస్ లేచాడు. కోటు వేసుకోవడానికి లేచాడేమోనని ఆమె అనుకుంది. ఆదివారం నుంచీ అతను ఆమెతో మాట్లాడలేదు. అతను టోపీ ఎడం చేతిలోకి మార్చుకుని, పగుళ్ళలోంచి ఎప్పటికీ వదలని మట్టి ఉన్న కుడిచెయ్యి పైకెత్తాడు.

“రెజిస్ పెల్టియే. మా చిన్నది సొలాంజ్, పదో క్లాసు,” అన్నాడు. లోర్నా పేరు రాసుకోబోతుంటే ఆగమన్నట్టు చూసి, కూతురి వైపు తిరిగాడు. ఊరంతా వింటుండగా నాలుగు రోజుల తర్వాత మొదటి మాట మాట్లాడాడు.

“ఏడే వస్తే?”

“ఏడనే రాస్తాను నాన్నా.”

పక్కన క్లోవిస్ రెజిస్ కోటు అంచు పట్టి కిందికి లాగుతున్నాడు.

“రాయి మరి,” అన్నాడు. లోర్నా పేరు రాయడం పూర్తయ్యేదాకా ఆ చెయ్యి దించలేదు.